గుంటూరు గ్రహణమునకు పారిసులో ముద్రించిన పతకము

నాణెమనగానే మనకు ముందు తోచునది దాని వెల. అది యెన్ని కొబ్బరికాయలకు సరిపోవును, ఎన్ని కుంచముల ధాన్యమునకు సరియగునని లెక్కించుట లోకమున సహజము. చరిత్ర చదువువానికి మాత్రము నాణెమొక చిన్న శాసనము. తామ్రశాసనము దానమును చెప్పును. శిలాశాసనము విజయమును చెప్పును. నాణెమో, రాజు పేరును, కాలమును, ఆనాటివారు దేనిని గొప్పదిగా నెంచిరో ఆ విషయమును గోరంత లోహముపై నిలుపును. దీనికి మన సీమయే సాక్షి. ముఖలింగప్రాంతమున కళింగనగరము రాజధానిగా నేలిన గాంగరాజుల బంగారు ఫణములు చింతగింజకంటె చిన్నవి. వానిపై నొక వైపున శయనించిన నంది, వేఱొక వైపున రాజ్యవర్షమును దెలుపు అంకె. అంత చిన్న చోట రాజుల మతమును, కాలమును రెండును నిలిచినవి. పెద్ద గ్రంథమైనను ఇంతకంటె నేమి చేయగలదు?

నేడు నేను చెప్పబోవునది రాజుల నాణెమును గుఱించి కాదు. ఒక శాస్త్రీయమైన యావిష్కారమునకు స్మారకముగా ముద్రించిన పతకమును గుఱించి. అది పుట్టినది ఫ్రాన్సుదేశమున. దానికి కారణమైన సంగతి జరిగినది మన తెలుగునేలపై, గుంటూరిలో. ఇది తెలిసిన తెలుగువారు కొలదిమంది. ఆ పతకమును వెదకుచు నేను కొన్ని యేండ్లు గడిపితిని. ఆ వెదకులాటలో నేర్చికొన్నది పల్లెలయందలి పెద్దలకు కొంత యుపకరించునను తలంపుతో నీ ప్రసంగమునకు పూనుకొంటిని.

మొదట నొక భేదమును గ్రహింపవలెను. నాణెము వేఱు, పతకము వేఱు. నాణెమునకు ప్రభుత్వము నిర్ణయించిన విలువ గలదు. అది సంతలో చెల్లును. పతకము చెల్లదు. ఒక వ్యక్తిని గాని, ఒక సంఘటనను గాని మఱవకుండుటకై టంకసాలలో అదే విధమున అచ్చులతో కొట్టబడునది పతకము. జనులు రెంటిని గూడ నాణెమనియే వ్యవహరింతురు. అందు దోషము లేదు గాని, కొనువాడు మాత్రము ఈ భేదమెఱిగి యుండవలెను.

ఇక కథకు వత్తము. 1868 వ సంవత్సరము ఆగస్టు 18 వ తేది, మంగళవారము. మన పంచాంగరీతిని విభవ నామ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్య. ఆ దినమున సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినది. గ్రహణపు నీడ పడమటి సముద్రము దాటి, దక్కను పీఠభూమి మీదుగా గుంటూరు, మచిలీపట్టణములను స్పృశించి బంగాళాఖాతమున బ్రవేశించెను. మన టెక్కలి సీమ అప్పటికి గంజాము జిల్లాలోనిది. ఇచట గ్రహణము పాక్షికముగా మాత్రమే కనబడినది. గుంటూరిలో సంపూర్ణగ్రహణము అయిదు నిమిషములకు మించి నిలిచినది. సామాన్యముగా రెండు మూడు నిమిషములతో ముగియు గ్రహణములే యెక్కువ గనుక, ఇంత దీర్ఘమైన యవకాశము జ్యోతిశ్శాస్త్రజ్ఞులకు పెన్నిధివంటిది.

గ్రహణకాలమును ముందుగా గణించుట మన పూర్వులకు క్రొత్త కాదు. ఆర్యభటుడు క్రీస్తుశకము 499 నాటికే గ్రహణములకు కారణము ఛాయయేయని చెప్పియుండెను. కాని ఎప్పుడు పట్టునో, ఎంతసేపు నిలుచునో తెలియుట యొకటి. ఆ కప్పువడిన బింబము చుట్టును కనబడు ఎఱ్ఱని జ్వాలలు ఏమి పదార్థమో తెలియుట మఱియొకటి. అవి చంద్రునివా సూర్యునివా యను సందేహము గూడ చాలకాలముండెను. 1860 నాటి గ్రహణపు ఛాయాచిత్రములతో అవి సూర్యునివేయని తేలినది. వాని స్వరూపము మాత్రము తెలియరాలేదు.

ఆ రహస్యమును ఛేదించుటకు నాడు తెలుగుదేశమునకు పలువురు వచ్చిరి. ఆంగ్లప్రభుత్వము పక్షమున మేజరు టెన్నెంటు గుంటూరిలో విడిది చేసి ఛాయాచిత్రములు తీసెను. మద్రాసు నక్షత్రశాలాధికారి పోగ్సను మచిలీపట్టణమున నిలిచెను. అదే నక్షత్రశాలకు చెందిన చింతామణి రఘునాథాచార్యులవారు నిజాము రాజ్యమందలి వనపర్తికి ఒక బృందమును గొనిపోయిరి. ఈ రఘునాథాచార్యులవారు 1867 లో ఒక వికారినక్షత్రమును కనిపెట్టినవారు. తరువాత 1872 లో లండను రాజకీయ జ్యోతిశ్శాస్త్రసంఘమున సభ్యత్వమును బొందిన మొదటి భారతీయుడు. ఫ్రాన్సునుండి వచ్చినవాడు పియెర్ జాన్సెను.

జాన్సెను 1824 లో జన్మించినవాడు. బాల్యమున కలిగిన యొక ప్రమాదముచే కుంటివాడయ్యెను. అయినను జీవితాంతము దేశదేశములు తిరిగి పరిశోధనలు సాగించెను. ఆయన మద్రాసులో దిగి, తీరమువెంట మచిలీపట్టణము చేరి, అచ్చటినుండి గుంటూరునకు పోయి, ఆ యూరియందున్న యొక ఫ్రెంచి వర్తకుని మేడపై తన యంత్రములను నెలకొల్పెను. సముద్రతీరమున మబ్బుల భయము, కొండల దగ్గఱ మబ్బుల భయము. రెంటికిని నడుమనున్న గుంటూరును ఆయన యోచించియే యెన్నుకొనెను.

ఆయన తెచ్చిన ముఖ్యయంత్రము వర్ణపటదర్శిని. అది యేమి చేయునో చెప్పినగాని కథ బోధపడదు. మన నౌపడా ఉప్పు నెఱుగనివారు లేరు గదా. ఆ యుప్పు చిటికెడు తీసి మంటపై చల్లి చూడుడు. మంట పసుపుపచ్చగా వెలుగును. ఉప్పులోని సోడియమను ధాతువు ఆ రంగును పుట్టించును. ఆ వెలుగును గాజుపట్టకముగుండ పంపినచో, ఇంద్రధనుస్సు వలె అన్ని రంగులును రావు. నియతమైన చోటున ప్రక్కప్రక్కనే రెండు పసుపుపచ్చ గీతలు మాత్రము ప్రకాశించును. ప్రతి ధాతువునకును ఇట్లే తనవైన గీతలున్నవి. మనిషికి వ్రేలిముద్ర యెట్టిదో ధాతువునకు ఈ గీతలట్టివి. 1859 ప్రాంతమున జర్మనీదేశమున కిర్కాఫు, బున్సెను అను పండితులు ఈ తత్త్వమును స్థాపించిరి. నాటినుండి తొమ్మిదికోట్ల మైళ్ల దూరమున నున్న సూర్యునిలో నేమున్నదో భూమిపై కూర్చుండి చెప్పుటకు దారి యేర్పడినది.

ఉదయము తొమ్మిది గంటల ప్రాంతమున గుంటూరిలో చీకటి క్రమ్మెను. జాన్సెను తన యంత్రమును ఆ యెఱ్ఱని జ్వాలలవైపు త్రిప్పెను. అంతట ఇంద్రధనుస్సు కాక, కాంతిమంతములైన ప్రత్యేకరేఖలు కనబడెను. దీనివలన ఆ జ్వాలలు మండుచున్న వాయువులనియు, అందు ముఖ్యముగా జలజనకవాయువు గలదనియు తేలినది. టెన్నెంటు మొదలగువారును ఈ గీతలనే చూచిరి. ఇంతవఱకు అందఱును సములే. కాని ఆ రేఖలింత తీక్ష్ణముగా వెలుగుచుండగా, గ్రహణము లేని దినమున మాత్రము ఇవి యేల కనబడకూడదను ప్రశ్న జాన్సెను మనస్సున పుట్టెను.

పగటివేళ సూర్యుని చుట్టునున్న ఆకాశపు వెలుగు మిక్కిలి యెక్కువ గనుక జ్వాలలు మఱుగుపడును. ఆ వెలుగును పట్టకముతో విడదీసినచో అది అన్ని రంగులలోనికి పఱచుకొని పలుచనగును. జ్వాలల వెలుగో కొన్ని గీతలయందే నిలిచి యుండును గనుక పలుచబడదు. పలుచబడినదానిపై పలుచబడనిది పైకి తేలును. కుండెడు మజ్జిగను పెద్దపళ్లెరమున పోసినచో పలుచగా పఱచుకొనును. అందలి వెన్నముద్ద మాత్రము ముద్దగానే నిలుచును. ఇదియు నట్టిదే. ఆ దినమున మబ్బులు పట్టుటచే జాన్సెను వేచియుండి, మఱునాటి యుదయమున, అనగా 19 వ తేదిని, గ్రహణము లేని సూర్యుని యంచున ఆ జ్వాలారేఖలను మరల చూచెను. తరువాత రెండు వారములకు పైగా దినదినమును జ్వాలల యాకారములను పరీక్షించెను. అంతకుముందు కొన్నియేండ్లకొకసారి కొన్ని నిమిషములు మాత్రము దొరకెడు దర్శనము, ఎండ కాయు ప్రతి దినమును దొరకునదయ్యెను. గుంటూరిలో జరిగిన యసలైన యావిష్కారమిది.

ఆయన సెప్టెంబరు 19 వ తేదిని కాకినాడనుండి పారిసులోని విజ్ఞానపరిషత్తునకు జాబు వ్రాసెను. ఆనాటి ఓడజాబు చేరుటకు నెలకు పైబడిన కాలము పట్టెడిది. ఈలోపల ఇంగ్లండులో నార్మను లాకియరు అను నాయన, జాన్సెను కృషి తెలియకయే, అదే మార్గమున ప్రయత్నించుచుండెను. ఈయన వృత్తిచే యుద్ధకార్యాలయములో గుమాస్తా. తీరిక వేళలలో జ్యోతిశ్శాస్త్రము చదువుకొన్నవాడు. గ్రహణము చూచుటకు హిందూదేశమునకు రాలేదు. తెప్పించుకొన్న యంత్రము ఆలస్యముగా చేతికి వచ్చుటచే, అక్టోబరు 20 వ తేదిన గాని ఆయన ప్రయత్నము ఫలింపలేదు. ఆయనయు వెంటనే వార్త పంపెను. అక్టోబరు 26 వ తేదిన పారిసు పరిషత్తు సమావేశమునందు ఈ యిరువురి జాబులును కొద్ది నిమిషముల యంతరముతో చేరినవి.

రెండు దేశములవారు ఒక్క గౌరవమునకై కలహించుటకు ఇంతకంటె మంచి యవకాశము దొరకదు. ఆ పరిషత్తువారు కలహమును కోరలేదు. ఒకరు ముందా మఱియొకరు ముందా యను వాదమును కట్టిపెట్టి, ఇరువురికిని సమానముగా గౌరవమును పంచిరి. ఆ న్యాయమును లోహమున నిలుపుటకై ఫ్రెంచిప్రభుత్వము పతకమును ముద్రింపించెను. పొలముగట్టు తగవులలో తీర్పరులుగా కూర్చుండు పెద్దలు ఈ తీర్పును గమనింపదగును.

పతకము ముఖభాగమున జాన్సెను, లాకియరుల ముఖములు ప్రక్కప్రక్కగా నున్నవి. ఫ్రెంచివాడును ఆంగ్లేయుడును ఒక్క బిళ్లపై నిలిచిరి. పృష్ఠభాగమున నాలుగు గుఱ్ఱములు పూన్చిన రథముపై నెక్కిన అపోలో, యవనుల సూర్యదేవత, సూర్యజ్వాలలను చేయెత్తి చూపుచుండును. అరసవల్లి సూర్యనారాయణమూర్తిని సేవించిన మనకు ఈ చిత్రము పరాయిది కాదు. మన సూర్యునికి ఏడు గుఱ్ఱములు, అరుణుడు సారథి. వారి సూర్యునికి నాలుగు గుఱ్ఱములు, తానే సారథి. దేశములు వేఱైనను సూర్యుని రథముపై చూచిన కన్ను ఒక్కటే. ఆ చిత్రముతోడ ఫ్రెంచిభాషలో ‘సూర్యజ్వాలల విశ్లేషణము, 18 ఆగస్టు 1868’ అను నర్థము గల వాక్యము చెక్కబడినది.

ఈ వాక్యమును మీరు మనస్సున నుంచుకొనవలెను. ఏలన, గుంటూరిలో జాన్సెను హీలియమును కనిపెట్టెనను మాట నేడు పుస్తకములయందును సభలయందును విరివిగా వినవచ్చుచున్నది. పతకము అట్లు చెప్పుటలేదు. సూర్యజ్వాలలను విశ్లేషించినందులకే యది యీయబడినది. హీలియము కథ వేఱు. జ్వాలల వెలుగులో ఒక పసుపుపచ్చ గీత గలదు. గ్రహణమునాడు దానిని టెన్నెంటు, పోగ్సను మొదలగువారు చూచిరి. చూచినవారిలో పలువురు దానిని ఉప్పులోని సోడియపు గీతయనియే భావించిరి. ఆ గీత సోడియపు జంటగీతలతో సరిగా కలియుటలేదని, ఇంచుక ప్రక్కగా నున్నదని కొలిచి నిర్ణయించినవాడు లాకియరు. ఆయన ఫ్రాంక్లెండను రసాయనశాస్త్రజ్ఞునితో గూడి ప్రయోగశాలలో ఆ గీతను పుట్టింప యత్నించెను. ఏ ధాతువును దాని నీయలేదు. అందుచే అది భూమిపై తెలియని క్రొత్త ధాతువని యూహించి, యవనభాషలో సూర్యవాచకమగు ‘హీలియోస్’ అను పదమునుండి హీలియమను పేరు కల్పింపబడినది.

చాలమంది దీనిని నమ్మలేదు. ఇరువదియాఱు సంవత్సరములు గడచిన పిదప, 1895 లో, విలియము రామ్సే యను రసాయనపండితుడు యురేనియము గల యొక రాతినుండి వెలువడిన వాయువును పరీక్షించగా ఆ పసుపుగీతయే కనబడెను. ఆ యేడే స్వీడనుదేశపు పండితులును దానిని స్వతంత్రముగా కనుగొనిరి. ఇట్లు మొదట సూర్యునియందు గుర్తింపబడి, తరువాత భూమిపై దొరకిన ధాతువు హీలియము. కావున న్యాయముగా చెప్పవలెనన్నచో, గుంటూరు హీలియమునకు పుట్టినిల్లు కాదు. ఆ దారికి తలవాకిలి. ఉన్న గౌరవమే గొప్పదైయుండగా లేని గౌరవమును తగిలించుకొనుట యెందులకు?

ఇక నా వెదకులాట. నేను ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలలో తెలుగును చరిత్రను బోధించి విశ్రమించినవాడను. మా భావనపాడు సముద్రతీరపు గ్రామము. ఇచట మత్స్యకారులు, కొబ్బరితోటల రైతులు, ఉప్పుకొటారులలో పని చేయువారు నివసింతురు. ఇట్టిచోట కూర్చుండి ఫ్రెంచి పతకమును వెదకుట కొందఱికి నవ్వు పుట్టించినది. నాకు మాత్రము, తెలుగునేలపై జరిగిన కార్యమునకు సాక్ష్యముగా నిలిచిన ఆ బిళ్లను ఒక్కసారియైన చేత పట్టి చూడవలెనని కోరిక. విశాఖపట్టణమునను బరంపురమునను నాణెముల నెఱిగినవారిని అడిగితిని. చాలమంది పేరైన వినలేదు. ఒక వర్తకుడు మాత్రము తనయొద్ద కలదని చెప్పి, పెద్దమొత్తము అడిగి, చూపించెను.

దానిని భూతద్దముతో పరీక్షించితిని. అక్షరముల యంచులు మెత్తగా కరగినట్లుండెను. ఉపరితలమున సూదిమొనవంటి గుంటలు గలవు. అంచు చుట్టును అతుకుగీత కనబడెను. ఇవి పోతపోసిన నకలుకు లక్షణములు. టంకసాలలో అచ్చుల నడుమ నొత్తిన పతకమునకు అక్షరములు కత్తిరించినట్లు తీరుగా నుండును, గాలిగుంటలుండవు. పారిసు టంకసాలవారు మఱియొక మంచి యాచారమును పాటించిరి. పతకపు అంచుపై లోహము పేరును, కాలమును దెలుపు నొక చిన్న గుర్తును ఒత్తుదురు. 1860 మొదలు 1879 వఱకు ఆ గుర్తు తేనెటీగ; 1880 మొదలుకొని పండ్లు పూలు నిండిన కొమ్ము. అచ్చులు టంకసాలలోనే భద్రముగా నుండుటచే, కోరినవారికై తరువాతి కాలమునను మరల ముద్రించుట వారికి వాడుక. కావున అంచు చూచినచో మొదటి ముద్రణమో, తరువాతిదో తెలియును. ఆ వర్తకుడు చూపిన దానికి అంచున ఏ గుర్తును లేదు. నమస్కరించి లేచి వచ్చితిని.

తుదకు కలకత్తాలో నొక వృద్ధసేకర్త యింట అసలైన పతకమును చూచు భాగ్యము కలిగినది. దాని యంచున కొమ్ము గుర్తు గలదు. అనగా తరువాతి ముద్రణము. అయినను అచ్చు అదే, ముఖములవే, రథమదే. కంచు నల్లబడి, గుఱ్ఱముల జూలు మాత్రము అరగి మెఱయుచుండెను. దాని వెల నా ఉపకారవేతనమునకు అందునది కాదు. సేకర్త అనుమతితో పలుచని కాగితము పఱచి పెన్సిలుతో రుద్ది రెండువైపులను ముద్ర తీసికొంటిని. శాసనములకు ప్రతులెత్తు పద్ధతియే యిది. ఆ కాగితమును మా యూరి పాఠశాలలో పిల్లలకు చూపగా, వారిలో నొక బాలిక, ఇందు గుంటూరు పేరేదియని యడిగెను. ఆ ప్రశ్న సమంజసమైనది. పతకముపై తేది గలదు గాని చోటు లేదు. మన యూళ్లు చరిత్రలో నిలువవలెనన్నచో వానిని చెప్పుకొనవలసినది మనమే. వనపర్తికి పోయిన రఘునాథాచార్యులవారికి పతకము లేకపోయినను స్మరణయైన నుండవలెను.

ఈ సందర్భమున పెద్దలకొక హెచ్చరిక చేయవలసియున్నది. నేనొక పతకమునకై వెదకుచున్నానని తెలిసి, మా సీమవారు కొందఱు నాణెములను తెచ్చి చూపిరి. అందొకాయన జీడిమామిడితోట గల గృహస్థు. ఆయన తెచ్చిన రాగినాణెముపై ఆంజనేయుని రూపము, ఆంగ్లమున ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 అను అంకె గలవు. దానికి బియ్యమును ఆకర్షించు మహిమ గలదనియు, విదేశములవారు కోట్లిచ్చి కొందురనియు ఎవరో నమ్మించిరట. వాటా కొనుటకై తోటను తాకట్టు పెట్టుటకు సిద్ధపడి, తుది మాటగా నన్నడుగ వచ్చెను.

నేను చెప్పినదిదియే. ఆంజనేయుని రూపముతోగాని, రామపట్టాభిషేకముతోగాని 1818 అని వేసిన అణా నాణెములను కంపెనీవారు ఎన్నడును ముద్రింపలేదు. మద్రాసులో వారు వేంకటేశ్వరస్వామి, దేవేరుల రూపములతో మూడుస్వాముల వరహాలు ముద్రించిన మాట నిజము. అవి బంగారువి, రూపమును వేఱు. ఇప్పుడు తిరుగుచున్న ఈ రాగిబిళ్లలు తీర్థములలో అమ్ముటకు ఆధునికకాలమున చేసినవి. కొన్నింటిపై 1616, 1717 అని కూడ నుండును. కంపెనీవారికి తూర్పుతీరమున టంకసాలయే లేని 1616 లో వారి పేర నాణెమెట్లు పుట్టును? బియ్యము కదలుట మహిమ కాదు. గింజలకు ఇనుపరజను పట్టించి, చాటున అయస్కాంతముంచినచో అవి యంటుకొనును. పరీక్షించువాడు తన యింటి బియ్యముతో పరీక్షింపవలెను. అప్పుడే మహిమ మాయమగును. ఆ గృహస్థు ఆ రాత్రియే ఇంటిబియ్యముతో పరీక్షించెను. ఒక గింజయైన కదలలేదు. తోట నిలిచినది.

ఇందు మనము గ్రహింపవలసిన భేదమొకటి గలదు. గుంటూరి పతకము తానే మహిమను జూపదు. ఒక మనుష్యుడు కన్ను తెఱచి పరీక్షించినాడని మాత్రము చెప్పును. దానిని అంచు చూచి, అక్షరము చూచి ఎవరైనను శోధింపవచ్చును. దొంగనాణెము శోధనకు భయపడును. చీకటిలోనే చూడవలెననును, ఎవరికిని చెప్పవలదనును, తొందరపెట్టును. ఈ మూడు లక్షణములును కనబడినచోట పెద్దలు ఇంటివారిని ఆపవలెను. మఱియు నిజముగా పొలము దున్నునపుడు గాని, పునాది త్రవ్వునపుడు గాని పాతనాణెములు దొరకినచో, వానిని కరగింపరాదు, చింతపండుతో తోమరాదు. 1878 వ సంవత్సరపు నిక్షేపచట్టము ననుసరించి జిల్లా కలెక్టరుగారికి తెలుపవలెను. తోమిన నాణెము చదువునకు పనికిరాదు. కరగించిన నాణెము ఎవనికిని పనికిరాదు.

చివరగా మన తీరమునకు చెందిన యొక సంగతి. భావనపాడు ఇసుకలో నల్లని చారలను మీరు చూచియుందురు. అల వెనుకకు పోవునపుడు తేలిక యిసుక కొట్టుకొనిపోయి, బరువైన గింజలు చారలుగా నిలుచును. అందు ఇల్మెనైటు, గార్నెటు మొదలగు ఖనిజములతోబాటు మోనజైటను పసుపుగోధుమవన్నె గింజలును గలవు. మోనజైటులో థోరియమను ధాతువున్నది. అది నెమ్మదిగా క్షయించుచు ఆల్ఫాకణములను విడుచును. ఆ కణములు హీలియమేయని రూథర్ఫర్డు, రాయిడ్సు అనువారు 1908-09 లో నిరూపించిరి. కాబట్టి ప్రతి మోనజైటు గింజలోను యుగయుగములుగా పుట్టిన హీలియము కొంత బందీయై యుండును. 1908 లో హాలెండుదేశమున కామర్లింగు ఆన్సు మొదటిసారిగా హీలియమును ద్రవముగా మార్చినపుడు, ఆయనకు కావలసిన వాయువు లభించినది మోనజైటు ఇసుకనుండియే. ఆ ద్రవము సున్నకు దిగువ 269 డిగ్రీల శీతలము గలది. నేడు పెద్ద ఆసుపత్రులలో శరీరపు లోభాగములను చూపు ఎమ్మారై యంత్రములలోని అయస్కాంతమును చల్లబఱచునది అదియే. సూర్యునిలో ఒక గీతగా మొదట కనబడినది నేడు రోగిమంచము దగ్గఱకు వచ్చి సేవ చేయుచున్నది.

పతకముపైనున్న యిరువురును తరువాత దక్షిణదేశమునకు వచ్చిరి. 1871 డిసెంబరు 12 నాటి గ్రహణమునకు లాకియరు మలబారు తీరమున బేకలు కోటలోను, జాన్సెను నీలగిరులలోను నిలిచిరి. అంతకుముందటి యేడు పారిసు నగరమును శత్రుసేనలు ముట్టడించియుండగా, గ్రహణమును చూచుటకై జాన్సెను బెలూనులో నెక్కి ముట్టడి దాటి పోయిన ధీరుడు. ఆల్జీరియా చేరినంతట మబ్బులు పట్టి ఆయనకేమియు కనబడలేదు. అయినను మఱుసటి గ్రహణమునకు మరల బయలుదేఱెను. విద్యయందు నిష్ఠ యనగా నిది. జాన్సెను 1907 లోను, లాకియరు 1920 లోను దివంగతులైరి.

మహాశయులారా! గ్రహణము పట్టునపుడు స్నానము, జపము చేయుట మన యాచారము, దానిని కాదనను. దానితోబాటు మన మనుమలకు, మనుమరాండ్రకు విభవ శ్రావణ అమావాస్యనాడు గుంటూరి మేడపై నొక కుంటివాడు చీకటిలో వెలుగును పరీక్షించిన కథయు చెప్పుడు. మీ ఇండ్లలో పెట్టెల అడుగున పాత నాణెములున్నచో వానిపై నున్న అక్షరములను పిల్లలచే చదివింపుడు. చదువ రానిచో ఊరి ఉపాధ్యాయుని కడకు పంపుడు. వెలకంటె ముందు వ్రాత చూచుట అలవడినచో మోసగాండ్రకు మన పల్లెలలో తావుండదు, చరిత్రకు తావుండును.